మూరెడు లారీ

విక్టర్ గీసిన పులిని చూసి దోర్నాల అడవిలో అసలు పులి లారీ వెంట నాలుగు మైళ్లు నడిచిందన్న సంగతి మార్కాపురంలో అందరికీ తెలుసు. వెంట నడిచింది ఆడపులి అనీ, డ్రైవరు టీకి ఆగినచోట అది కూడా ఆగిందనీ, బొమ్మ పులి ఎంతకీ పలక్కపోయేసరికి అలిగి అడవిలోకి పోయిందనీ చెప్పింది మాత్రం విక్టరే. ముప్పై ఏళ్ల కింద ఈ కథలో పులి ఫర్లాంగు దూరమే నడిచేది. లారీలకు రంగులేసే పని తగ్గేకొద్దీ పులి నడక పెరుగుతూ వచ్చింది. ఊళ్లోకి స్టిక్కర్ల దుకాణాలు దిగాక అది నాలుగు మైళ్ల దగ్గర ఆగింది. ఇంకా పొడిగిస్తే పులి శ్రీశైలం చేరుతుందని జనం నవ్వుతారని ఆయనే ఆపాడు.

ఆ సోమవారం పొద్దున విక్టర్ తర్లుబాడు రోడ్డులో ఒక చికెన్ కొట్టు తలుపు మీద కోడిపుంజును గీస్తున్నాడు. గోపాలకృష్ణ రమ్మంటున్నాడని కబురొచ్చింది. పుంజును సగం తోకతో అట్లాగే వదిలేసి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ బయలుదేరాడు.

గోపాలకృష్ణకు ఆరు లారీలు. వాటి మీద ప్రతి అక్షరమూ, ప్రతి దేవుడూ ఒకప్పుడు విక్టర్ చేతిలో పుట్టినవే. నాలుగేళ్లుగా ఆరింటి మీదా స్టిక్కర్లే.

"రా విక్టరూ. ఆడ్నే కూర్చో, గచ్చు కడిగినారు," అన్నాడు గోపాలకృష్ణ. గచ్చు పొడిగానే ఉంది. విక్టర్ గడప ఇవతల మెట్టు మీద కూర్చున్నాడు.

బల్ల మీద ఒక అట్టపెట్టె తెరిచి ఉంది. మూత మీద ఇంజను ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలం ముక్కు లారీ బొమ్మ, ఏదో విదేశీ రాత. లోపల ప్లాస్టిక్ చట్రాలకు గుత్తులు గుత్తులుగా చిన్న చిన్న ముక్కలు పిందెల్లా వేలాడుతున్నాయి. ఇంజను ముక్కలు, కమాను పట్టీలు, చక్రాలు, గోరంత అద్దాలు.

"ఏందో చెప్పు చూద్దాం."

"బండి విప్పి పడేసినారు గదన్నా."

"మావాడు ఫోన్లో తెప్పించినాడు. రెండు చక్రాలు అంటించేసరికి చాలయ్యింది వానికి."

ముప్పై ఏళ్ల కొడుకు శ్రీకాంత్ ఫోన్లోంచి తల ఎత్తలేదు. "గమ్ము మంచిది కాదు," అన్నాడు.

"ఆదివారం కొత్త ఆఫీసులోకి పోతున్నాం. మా నాయన మొదటి లారీ కొని యాభై ఏండ్లు. ఆ బండినే బొమ్మ చేయించి అద్దాల పెట్టెలో పెట్టాలని. ఆ ముక్కు లారీ నీకు గుర్తుందా?" అన్నాడు గోపాలకృష్ణ.

"ఎంతమాటన్నా! మా మేస్త్రి దాని మీద రాస్తుంటే డబ్బా పట్టుకున్నది నేనే. మూడోసారి రంగేసినప్పుడు వెనక తలుపు మీద మీ అక్క పేరు, రాధాకుమారి అని, నా చేత్తోనే రాసినా. ఎడమ మడ్‌గార్డు కాడ ఎద్దు పొడిచిన సొట్ట కూడా గుర్తుండాది."

గోపాలకృష్ణ కుర్చీలో ముందుకు వంగాడు. "అచ్చం అట్లే రావాల. వచ్చిందంటే చూడు, ఆరు బండ్లూ మళ్లీ నీకే. ఈ సోమవారం కాక పై సోమవారం డబ్బా తీసుకొని షెడ్డుకు రా. స్టిక్కర్లన్నీ పీకి పారేద్దాం."

విక్టర్ లేచి నిలబడ్డాడు. ఏం చేయాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. ఆరు లారీలంటే బండికి నాలుగు రోజుల చొప్పున ఒక నెల పని. దానికన్నా, రోడ్డు మీద ఆరు లారీలు తన రాతతో తిరుగుతుంటే అవి చూసిన మిగతా ఓనర్లు ఊరుకుంటారా? గిద్దలూరు వాళ్లు, కంభం వాళ్లు, అర్ధవీడు వాళ్లు వరసగా కళ్ల ముందు నిలబడ్డారు. పెట్టెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద ఎత్తుకొని ఇంటికి నడిచాడు.

"ఏందయ్యా ఇది? అరవై ఏండ్లకు ఆడుకునే బొమ్మలా?" అంది భార్య కేథరిన్. ఆమె పలకల ఫ్యాక్టరీలో పలకలకు చెక్క చట్రాలు బిగిస్తుంది.

"బొమ్మ కాదే. ఆరు లారీలు. పెట్టెలో మడిచి ఇచ్చినారు."

కిటికీ కింద మంచం వాల్చి, దాని మీద పాత తలుపు చెక్క పరిచాడు. మొదటి రోజంతా ముక్కలను బ్లేడుతో చట్రం నుంచి విడదీసి, కోసినచోట మిగిలిన మొటిమలను గోళ్లు రుద్దే ఆకురాయితో నున్నగా చేయడానికే సరిపోయింది. శ్రీకాంత్ వంకరగా అంటించిన చక్రాలను వేడినీళ్లలో ముంచిన దారంతో అటూ ఇటూ కోసి ఊడదీశాడు. స్టీరింగు ఎడమవైపు ఉంది. దాన్ని చూసి చాలాసేపు నవ్వాడు. "ఈ డ్రైవరు మన రోడ్డెక్కినాడంటే పొదిలి చేరకముందే పైకి పోతాడు," అని స్టీరింగును, దాని కింది పెడళ్లను కత్తిరించి కుడివైపుకు మార్చాడు.

పెట్టెలో వచ్చిన బాడీ ఇనుప తొట్టి నమూనా. అది పక్కన పడేశాడు. ముక్కు లారీకి కొయ్య బాడీ కావాలి. మంగళవారం సాయంత్రం కేథరిన్ ఒడిలో దాచి తెచ్చిన పలక చట్రాల చెక్కను వెదురు పుల్లంత సన్నగా చీల్చి, పక్క పలకలు పేర్చి, గుండుసూదుల తలలు కత్తిరించి బోల్టుల వరస కొట్టాడు. పాత గొడుగు గుడ్డ టార్పాలిన్ అయింది. నల్లదారం మూడు పేటలు పేని మోకు చేశాడు. ఆమె తెచ్చిన పలకరాయి పెంకులను అగ్గిపుల్ల తలంత వెడల్పున కోసి, కట్టలు కట్టి లోపల లోడు ఎక్కించాడు.

"ఫ్యాక్టరీలో ఎవురన్నా చూస్తే నాకు లెక్క అప్పజెప్పి ఇంటికి పంపుతారు," అంది కేథరిన్.

"చూస్తే విక్టర్ లారీకి లోడని చెప్పు."

"మూరెడు లారీకి నోరు మాత్రం ఆరు టైర్లంత ఉండాది నీకు."

రంగు దగ్గరికి వచ్చేసరికి విక్టర్ నోరు కట్టుబడింది. పెద్ద బండి మీద రంగు ఎంత దట్టంగా వేస్తే అంత మెరుగు. దీని మీద అట్లా వేస్తే తలుపు గీతలు, బోల్టులు అన్నీ పూడిపోతాయి. పాలల్లే పలచన చేసి, ఒక పూత ఆరాక ఇంకో పూత, అట్లా ఏడు పూతలు వేశాడు. ఉడత వెంట్రుకల బ్రష్షులోంచి ఒక్కో వెంట్రుకే పీకేస్తూ పోయి మూడింటి దగ్గర ఆగాడు. ఊపిరి వదిలి, మళ్లీ పీల్చేలోపల ఒక గీత. రోడ్డు మీద లారీ పోతే మంచం అదురుతుంది కాబట్టి, పోయేదాకా చెయ్యి ఎత్తి పట్టుకునేవాడు. బియ్యపు గింజ మీద రెండక్షరాలు పట్టేంత చిన్నగా, తలకట్టు ఒక్కచోటా విరగకుండా వెనక తలుపు మీద 'రాధాకుమారి' దిగింది. ఆ రాతలో 'ర' కడుపు కొంచెం ముందుకు వచ్చి ఉంటుంది. అది ఆయన మేస్త్రిది కాదు, ఆయనదే. పుల్లలచెరువులో రోడ్డు పక్కన నిలబడ్డ గొర్రెల కాపరి కూడా, పోయే లారీని చూసి ఇది విక్టర్ రాతని చెప్పేవాడు ఒకప్పుడు.

గురువారం శ్రీకాంత్ మోటారుసైకిల్ మీద వచ్చాడు. లోపలికి రాకుండా కిటికీ దగ్గర నిలబడి చూశాడు. ఫోన్ దగ్గరగా పెట్టి ఒక్కో అక్షరాన్నీ ఫొటో తీశాడు.

"పర్లేదు విక్టర్. ఖాళీ ఉంచొద్దు. ఆరు బండ్ల మీద ఏమేం రాసేవాడివో అన్నీ రాయి. చుట్టూ రాయి."

"అన్నీ రాస్తే పెళ్లికార్డు మాదిరి అయితాది శ్రీకాంత్ బాబూ. అసలు బండి మీద అన్ని లేవు."

"నాయన రాయమన్నాడు."

విక్టర్‌కు ఛాతీ ఉబ్బింది. పెద్దాయనకు తన రాత మీద ఎంత ఆశ లేకపోతే అట్లా అంటాడు! 'దేవుని దీవెన', 'దూరం పాటించు', 'ఇంటికాడ ఎదురు చూస్తుంటారు', 'నిదానమే మేలు', ఇట్లా ఆరు బండ్ల మాటలన్నిటినీ ఒక్క బండి చుట్టూ రాశాడు. శ్రీకాంత్ సాయంత్రం మళ్లీ వచ్చి వాటిని కూడా ఫొటో తీసుకుపోయాడు.

శుక్రవారం ముక్కు మీద ఆంజనేయుడిని నిలబెట్టాడు. బాప్టిస్టు గుడిలో మూడో బెంచీ మనిషి, నలభై ఏళ్లలో ఎన్ని వందలమంది ఆంజనేయుల్ని రోడ్ల మీదికి వదిలాడో లెక్క లేదు. కళ్లు ఆఖరున పెట్టడం ఆయన అలవాటు. కళ్లు మూసుకొని తన ప్రార్థన తాను చేసుకొని, ఆంజనేయుడి కళ్లు తెరిపించాడు. చివరగా వెనక తలుపు అడుగున, కుడి మూల, సూదిమొనతో 'విక్టర్ ఆర్ట్స్, మార్కాపురం' అని రాసి, ఫోన్ నంబరు కూడా పట్టించాడు.

శనివారం సాయంత్రం గోపాలకృష్ణ ఇంటి వసారాలో లారీని దించి, పైన కప్పిన తుండుగుడ్డ తీశాడు. గోపాలకృష్ణ గొంతుకూర్చుని చక్రాల ఎత్తున కళ్లు పెట్టి చూశాడు. మడ్‌గార్డు సొట్టను చిటికెన వేలుతో తాకాడు.

ఎనభై అయిదేళ్ల తల్లి ఆదిలక్ష్మమ్మను నడిపించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. పొర కమ్మిన కళ్లు. ఆమె లారీని వేళ్లతో తడుముతూ పోయింది. ముక్కు, అద్దం, తలుపు, మోకు. మోకు ముడి దగ్గర వేళ్లు ఆగాయి.

"ఎప్పుడొచ్చిందిరా బండి? మీ నాయన దిగలేదేంది ఇంకా?"

శ్రీకాంత్ ఫక్కుమన్నాడు. గోపాలకృష్ణ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"చేసినాయనకు అన్నం పెట్టండి," అంది ముసలామె, విక్టర్ ఉన్నవైపు కాక వేరే వైపు చూస్తూ.

కోడలు, గోపాలకృష్ణ భార్య, పేపరు ప్లేటులో పులిహోర తెచ్చి మెట్టు మీద పెట్టింది. తర్వాత చెంబులోంచి పసుపు నీళ్లు వేళ్లతో లారీ మీద చిలకరించింది.

"తడి తగలకూడదు తల్లీ," విక్టర్ ప్లేటు దించి లేచాడు. "రెండు రోజులు ఆరాల. రంగుకు..."

"ఇది రంగుకు కాదులే," అంది ఆమె. లారీని రెండు చేతులతో ఎత్తుకొని లోపలికి పోయింది. ఆంజనేయుడి ముక్కు మీద పసుపు చుక్క ఒకటి నిలిచి ఉండటం తలుపు మూసుకునేదాకా విక్టర్‌కు కనబడింది.

"సోమవారం వస్తానన్నా, డబ్బా తీసుకొని," అన్నాడు.

"రా, రా," అన్నాడు గోపాలకృష్ణ.

మరునాడు గుడిలో సాక్ష్యాల సమయం వచ్చింది. రోగం నయమైనవాళ్లు, తప్పిపోయిన మేక దొరికినవాళ్లు దేవుడు చేసిన మేలు లేచి చెబుతున్నారు. విక్టర్ కూడా లేవబోయాడు. ఆడవాళ్ల వైపు నుంచి కేథరిన్ కళ్లతో వద్దంది. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే చెప్పింది, "బ్రష్షు తడవకముందే సాక్ష్యమేందయ్యా, బుధవారం ప్రార్థనకు చెప్పుకోరాదా," అని. కానీ నాలుగేళ్లుగా విక్టర్ లేచి చెప్పడానికి ఏమీ లేక, వేరేవాళ్ల సాక్ష్యాలకు ఆమేన్ అంటూ కూర్చున్నాడు.

"సంఘానికి వందనాలు. నా పని అయిపోయిందన్నారు. మూరెడు లారీ చేసినా నేను. ఎట్ల చేసినానంటే, దాని హారను కొట్టితే చీమలు పక్కకు తప్పుకున్నాయి." సంఘం నవ్వింది. "దానికి దేవుడు ఆరు లారీలు ఇచ్చినాడు. రేపు మొదలు."

"హల్లెలూయ!" అన్నాడు పాస్టరు.

"హల్లెలూయ!" అంది సంఘం. సంఘ పెద్ద కరుణాకరం బెంచీల మధ్యకు వచ్చి మరీ చెయ్యి పట్టుకున్నాడు. బయట చెప్పుల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు, ఆరు లారీలకు ఒక్కడే సరిపోడు, మావాణ్ని పనికి పెట్టుకోమని కేథరిన్‌ను అడిగారు. కేథరిన్ తల వంచుకొని చెప్పులు వెతుక్కుంది. అవి ఆమె కాళ్ల ముందే ఉన్నాయి.

సోమవారం విక్టర్ షెడ్డుకు చేరేసరికి ఎనిమిది. చేతిలో కొత్తగా కొన్న నాలుగు డబ్బాలు, బ్రష్షుల సంచి, భుజాన పొట్టి నిచ్చెన. షెడ్డులో ఒక్క లారీ లేదు. కడిగిన నేల మీద నూనె మరకలున్నాయి.

"నిన్ననే కంభం రోడ్డుకు తోలినారు, స్టిక్కర్ల కాడికి," అన్నాడు వాచ్‌మన్. "పాతవి పీకిస్తారంట."

పీకించడానికే గదా అనుకున్నాడు విక్టర్. మంచిదే, గీకే పని తనకు తప్పుతుంది. నిచ్చెన భుజం మార్చుకుంటూ కంభం రోడ్డు పట్టాడు.

దూరం నుంచే ఆరు లారీలూ వరసగా కనిపించాయి. మొదటిదాని తలుపు మీద బారెడు అక్షరాలు ఎండకు మెరుస్తున్నాయి. విక్టర్ నిలబడిపోయాడు. తన కన్నా ముందే ఎవడో వచ్చి రాసేశాడు. ఎవడో గాని మంచి చెయ్యి గలవాడు. తలకట్టు ఒక్కచోటా విరగలేదు. 'ర' కడుపు...

దగ్గరికి పోయి వేలు పెట్టాడు. రంగు అంచు తగల్లేదు. గాజుమీద తడిమినట్టుంది.

'ఇంటికాడ ఎదురు చూస్తుంటారు.' రెండో లారీ, 'దేవుని దీవెన.' మూడోదాని వెనక తలుపు మీద, తాను మూడు వెంట్రుకలతో ఊపిరి బిగబట్టి రాసిన రాధాకుమారి మూడడుగుల పొడవున సాగి ఉంది. అడుగున కుడి మూల తన పేరు కోసం వంగి చూశాడు. అక్కడ 'ఏడుకొండలు స్టిక్కర్స్' అని, వేరే నంబరు ఉంది.

దుకాణంలో కంప్యూటరు ముందు నలభై ఏళ్ల ఏడుకొండలు, పక్కన స్టూలు మీద శ్రీకాంత్.

"శ్రీకాంత్ బాబూ, ఏంది ఇది? ఆరు బండ్లు నాకన్నాడు మీ నాయన."

"నాయన్నే అడుగు," అని శ్రీకాంత్ ఫోన్ కలిపి చేతికి ఇవ్వకుండా ఎదురుగా పట్టుకున్నాడు. గోపాలకృష్ణ గొంతు అందరికీ వినబడేటట్టు వచ్చింది.

"విక్టరూ, నీ రాతే గదప్పా పెట్టించింది. నీకన్నా బాగా ఎవురు రాస్తారు? నువ్వయితే బండికి నాలుగు రోజులు నిలబెడతావు. వీడు ఆరింటినీ ఒక్కరోజులో తోలిస్తాడు. నిలబడిన బండి నాకు అన్నం పెట్టదు గదా."

"ముందే చెప్పుంటే అన్నా..."

"చెప్పుంటే నువ్వు అంత బాగా రాసేవాడివా?" గోపాలకృష్ణ నవ్వాడు. అందులో కోపం గాని దాపరికం గాని లేదు. "బొమ్మను మాత్రం నిన్న అందరూ మెచ్చుకున్నారు లే. మావాడే చేసినాడని చెప్పినాం. పెండ్లి సంబంధం వాళ్లు కూడా వచ్చుండిరి." ఫోన్ ఆగిపోయింది.

శ్రీకాంత్ దాన్ని జేబులో పెట్టుకొని, టీ తాగి వస్తానని మోటారుసైకిల్ ఎక్కాడు.

విక్టర్ నిచ్చెన ఇంకా భుజం మీదనే ఉంది. ఏడుకొండలు లేచి వచ్చి దాన్ని అందుకొని గోడకు ఆనించాడు. తాను కూర్చునే కుర్చీ లాగి, ఫ్యాను అటు తిప్పాడు.

"కూర్చో మామా. నాదేం లేదు. శుక్రవారమే శ్రీకాంత్ ఫొటోలు తెచ్చి అక్షరాలు కోసిపెట్టమన్నాడు. నీ పేరు వేయొద్దన్నది కూడా ఆయనే."

శుక్రవారం తాను ఆంజనేయుడికి కళ్లు పెడుతున్నాడు. విక్టర్ కుర్చీలో కూర్చున్నాడు. ఎవరి దుకాణంలోనైనా కుర్చీలో కూర్చోబెట్టి మామా అని పిలిపించుకొని చాలా కాలమైంది.

"ఒక మాట చెప్పనా మామా? పన్నెండేండ్లుగా ఈ మిషను తిప్పుతున్నా. దీంట్లో తెలుగు ఫాంట్లు నూరు ఉండాయి. ఒక్కటి గూడా లారీ మీద నిలబడదు. నీ రాత పెట్టినాక ఇది బండిరా అనిపించింది. పొద్దున్నించి ఇద్దరు ఓనర్లు ఆపి అడిగినారు, మాకూ ఇదే కావాలని." ఏడుకొండలు గొంతు తగ్గించాడు. "కానీ అక్షరాలు చాల్లేదు. ఆ బొమ్మ మీద ఖ లేదు, ఘ లేదు, ఛ, ఝ, ఠ, ఢ లేవు. నేను గీసి చూసినా, కుదరలా. ఒక్క కాగితం మీద రాసిస్తావా?"

తెల్ల కాగితం, నల్ల ఇంకు, బ్రష్షు ముందు పెట్టాడు. విక్టర్ ఆ బ్రష్షు చూసి పక్కకు నెట్టి, తన సంచిలోంచి బ్రష్షు తీసుకున్నాడు. ఏం చేయాలో అప్పటికే అనుకున్నాడు. ప్రతి అక్షరానికీ నడుం విరగ్గొడతాడు. ఈ జిల్లా లారీలన్నీ కుంటి అక్షరాలతో తిరిగి నవ్వులపాలు కానీ.

'ఖ' మొదలుపెట్టాడు. వంకర తిప్పాల్సిన చోట చెయ్యి తిరగలేదు. నలభై ఏళ్లు ఎటు తిరిగిందో అటే తిరిగి, కడుపు కొంచెం ముందుకు వచ్చి, అక్షరం నిటారుగా నిలబడింది. రెండోదాన్నైనా చెడగొడదామని 'ఛ'కు వచ్చాడు. అదీ బాగానే వచ్చింది. ఏడుకొండలు "అబ్బ!" అన్నాడు. ఆ తర్వాత విక్టర్ చెడగొట్టాలని చూడలేదు.

రోడ్డు మీద స్కూటరు ఆగింది. సంఘ పెద్ద కరుణాకరం. ఆరు లారీలను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసేసరికి ఆయన మొహం వికసించింది.

"వందనాలు విక్టరన్నా! నిన్న సాక్ష్యం, ఈ పొద్దుకే ఇన్ని రాసేసినావా? ఎట్ల సాధ్యం స్వామీ!"

ఏడుకొండలు కంప్యూటరు వైపు తిరిగాడు. విక్టర్ బ్రష్షు పైకెత్తి చూపించాడు.

"రెండు చేతులా రాసినా పెద్దయ్యా," అన్నాడు.

కరుణాకరం చేతులు జోడించి వెళ్లిపోయాడు. ఏడుకొండలు ఆరిన కాగితాన్ని స్కానరు మీద బోర్లించి మూత వేశాడు. మూత కింద తెల్లటి వెలుగు ఈ అంచు నుంచి ఆ అంచుకు మెల్లగా జరిగింది. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే పెద్దవయ్యాయి.

"చాలు మామా. బంగారం మాదిరి ఉండాయి."

విక్టర్ కుర్చీ దగ్గరికి జరుపుకొని, కళ్లు చికిలించి తెరను చూశాడు.

"ఆగు," అన్నాడు. "ఘ తోక కాడ సన్నమయ్యింది. ఇంకో కాగితం ఇయ్యి."